తాతగారు చెప్పిన బొగ్గు బస్సు ఆవిరి బస్సు కాదండీ

మీ తాతగారి మాట నిజమేనండీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. రైలింజనులా నీళ్లు మరిగించేదా అని అడిగారు కదా, కాదు. బస్సుకు బిగించిన పొడవాటి డ్రమ్ములో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో కాల్చేవారు. అది పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు వచ్చేది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి, మామూలు పెట్రోలు ఇంజనులోకే పంపేవారు. దీన్నే ప్రొడ్యూసర్ గ్యాస్ అంటారు. అందులో దాదాపు సగం మండని నత్రజనే, అందుకే ఇంజను బలం బాగా తగ్గేది. ఎత్తు వస్తే జనం దిగి తోసేవారని ఆయన అన్నది అతిశయోక్తి కాదు.

ఇదంతా పెట్రోలు కొరత వల్లే. అసలు దెబ్బ బర్మాలో తగిలింది. 1942 ఏప్రిల్‌లో జపాను సేనలకు దక్కకుండా యెనాన్‌జాంగ్ చమురు బావుల్ని బ్రిటిష్‌వాళ్లే ధ్వంసం చేశారు. మనకు పెట్రోలూ కిరోసినూ అక్కణ్నుంచే ఎక్కువగా వచ్చేవి. మీ నాయనమ్మగారు ఆముదం దీపం పెట్టుకున్నారన్నారే, అదీ ఇందువల్లే అయ్యుంటుంది. ఆ సంగతి తప్పక రాసిపెట్టండి.

ఈ బొగ్గు డ్రమ్ముకు నమూనా చేయాలనుకుంటే మూసిన షెడ్డులో మాత్రం వద్దు. అందులో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.