నల్ల ఆయిలు వడకడితే డీజిలవుతుందా? – మీ ప్రశ్నలు, షెడ్డు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే సంగతి, బండ్లలోంచి దించిన నల్ల ఆయిలు. డీజిలు రేటు చూస్తే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుందిలెండి. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: మా బావమరిదికి బైకుల షెడ్డు ఉందండి. ఆయిల్ మార్చినప్పుడల్లా పాతది డ్రమ్ములో పోస్తాడు, ఇప్పటికి రెండు డ్రమ్ములు నిండాయి. నాకు పొలంలో 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజను ఉంది, వాగులోంచి నీళ్ళు తోడతాం. ఈ ఆయిల్ వడకట్టి డీజిల్లో కలిపి పోద్దామనుకుంటున్నా. ఫిల్టరు ఇంట్లోనే ఎట్లా కట్టుకోవాలి, ఎన్ని మైక్రాన్లది పెట్టాలి? – ఓ రైతు, నరసరావుపేట దగ్గర

జవాబు: ముందు ఫిల్టరు ఏం చేస్తుందో చెప్తా, తర్వాత ఏం చెయ్యలేదో చెప్తా, మీకు అసలు కావాల్సింది ఆ రెండోదే.

ఒక 200 లీటర్ల డ్రమ్ము స్టాండు మీద ఎత్తులో పెట్టుకుని అడుగున ఒక వాల్వు, దానికి జానెడు పైన ఇంకో వాల్వు పెట్టిస్తారు. ఆయిల్ని స్టీలు జాలీలోంచి పోసి, మూత పెట్టి కొన్ని వారాలు కదపకుండా వదిలెయ్యాలి. నీళ్ళు, మడ్డి, ఇనప రజను కిందకి దిగుతాయి, వాటిని అడుగు వాల్వులోంచి తీసేసి పైదాంట్లోంచి ఆయిల్ పట్టుకుంటారు. ఈ ఊరుకోబెట్టడం అనే పనికి ఖర్చు లేదు కాబట్టి ఎవరికీ దాని మీద గౌరవం ఉండదు, సగం పని చేసేది మాత్రం అదే. తర్వాత ఆయిల్ని 60, 70 డిగ్రీలకి వెచ్చబెట్టి పల్చబరిచి వరసగా 25, 10, 5, 1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్లలోంచి గేర్ పంపుతో నెమ్మదిగా తోస్తారు. నీళ్ళ మోటారు లాంటి స్పీడు పంపు పెడితే అడుగున మిగిలిన నీటిచుక్కల్ని కూడా చిలికి ఆయిల్లో కలిపేస్తుంది, ఇక అది ఓ పట్టాన విడిపోదు. 1 మైక్రాన్ ఫిల్టరు మసితో తొందరగా పూడుకుపోతుంది, అందుకే అమెరికాలో ఈ పిచ్చి ముదిరినవాళ్ళు సెంట్రిఫ్యూజ్ కొంటారు, వేగంగా తిరిగే గిన్నెలో ఆయిల్ పోస్తే బరువైన లోహం, నీరు, కొంత మసి గోడకి అంటుకుంటాయి.

నీళ్ళు పోయాయా లేదా చూడాలంటే గరిట బాగా కాల్చి ఒక చుక్క వెయ్యండి, చిటపటలాడితే ఇంకా నీరున్నట్టే. నీరు పోగొట్టడానికి 100 డిగ్రీలు దాటించి కాచేవాళ్ళున్నారు, కానీ నీరున్న ఆయిల్ పాలపొంగులాగా ఒక్కసారిగా పైకి లేస్తుంది. చేసేవాళ్ళు డ్రమ్ము సగానికి మించి నింపరు, కింద మంట పెట్టరు, థర్మోస్టాట్ ఉన్న హీటరు పూర్తిగా ఆయిల్లో మునిగి ఉండేట్టు చూస్తారు. ఇంట్లో ఆ కాచే పని అసలు పెట్టుకోవద్దనే అంటా.

ఇప్పుడు ఫిల్టరు చెయ్యలేని పని. ఇంతా చేసినా ఆయిల్ నల్లగానే ఉంటుంది, మసి ముద్ద కట్టకుండా తేలించే మందు కంపెనీవాళ్ళే ఆయిల్లో కలుపుతారు, ఆ కణాలు 1 మైక్రాన్ కంటే చాలా చిన్నవి. నలుపుని పట్టించుకోకండి. అసలు చిక్కు ఆయిల్లో కరిగి ఉన్న జింకు, ఫాస్ఫరస్, కాల్షియంతో. అరుగుదల ఆగడానికి, ఇంజన్ లోపల శుభ్రంగా ఉండటానికి వేసిన మందులవి. చక్కెర కలిపిన నీళ్ళని ఏ గుడ్డలో వడకట్టినా తీపి పోనట్టే, ఇవి ఏ మైక్రాన్‌కీ దొరకవు. ఇంజనాయిల్ పూర్తిగా కాల్చేస్తే బరువులో దాదాపు 1 శాతం బూడిద మిగులుతుంది, డీజిల్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు 0.01 శాతం. అంటే మీరు పది శాతమే కలిపినా బూడిద హద్దుకి పది రెట్లు. ఇంకోలా చూస్తే ఒక డ్రమ్ము నల్ల ఆయిల్ కాలిస్తే ఒకటిన్నర కిలోకి పైగా బూడిద మీ ఇంజన్లోంచి పోవాలి, అదంతా సైలెన్సర్లోంచి బయటికి పోదు కదా, వాల్వు సీట్ల మీద, పిస్టన్ తల మీద, రింగుల గాడుల్లో, నాజిల్ మొన మీద గట్టిపడుతుంది.

పైగా మీది బైకుల ఆయిల్. మన బైకుల్లో ఇంజనుకీ గేర్లకీ క్లచ్చికీ ఎక్కువగా ఒకటే ఆయిల్, అందులో క్లచ్ ప్లేట్ల పొడి, గేర్ల రజను, కాలకుండా దిగిన పెట్రోలు అన్నీ ఉంటాయి.

చిక్కదనం లెక్క కూడా చూడండి. 40 డిగ్రీల దగ్గర డీజిల్ 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి, ఇంజనాయిల్ అదే వేడి దగ్గర 100కి అటూ ఇటూగా ఉంటుంది. మామూలు డీజిల్లో పది శాతం కలిపితే నాలుగు లోపే, ఇరవై కలిపితే ఐదు దగ్గరకొస్తుంది, హద్దు దాటినట్టే. చిక్కదనం పెరిగితే నాజిల్ తుంపర్లుగా కొట్టదు, ధారగా పోస్తుంది, సగం కాలక మసి కడుతుంది.

5 హెచ్‌పీ ఇంజను ఫుల్ లోడు మీద గంటకి లీటరు పైచిలుకు తాగుతుంది. మీ రెండు డ్రమ్ములూ వాడితే మిగిలేది ఓ నాలుగొందల లీటర్ల డీజిలు డబ్బు, తక్కువేం కాదు, కానీ ఫిల్టర్లు, పంపు, నాజిలు, ప్లంజర్ బ్యారెల్, రింగుల సెట్టు అందులోంచే రావాలి, పైరు నీళ్ళకి ఎండే రోజున ఇంజను మొరాయిస్తే ఆ నష్టం ఎవరి ఖాతాలో వెయ్యాలో మీరే చెప్పండి. ఇంకో సంగతి, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. అందుకని నేనైతే మీ ఇంజనుకి పొయ్యమని చెప్పను.

ప్రశ్న: బీఎస్-6 పికప్ ఉంది సార్. 1 మైక్రాన్‌లో వడకట్టి ఐదు శాతం కలిపితే ఏమవుతుంది? – విజయవాడ

జవాబు: వద్దు. మీ బండిలో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లలోని సందులు రెండు మూడు మైక్రాన్లు, ప్రెషరు వెయ్యి బార్లకి చాలా పైన. 2020 ఏప్రిల్ నుంచి మన డీజిల్లో సల్ఫర్ 10 పీపీఎంకి (పది లక్షల్లో పది వంతులకి) తగ్గించింది కూడా సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే సామాను కాపాడుకోడానికే, ఇంజనాయిల్లో అది వేలల్లో ఉంటుంది. ఆ సామానులో పొగలోని మసిని పట్టే ఫిల్టరే డీపీఎఫ్, దాంట్లో మసి చేరితే వేడెక్కి కాల్చేసుకుంటుంది, బూడిద కాలదు, పేరుకుంటూనే ఉంటుంది. ఆ డీపీఎఫ్ ఖరీదు ముందు షోరూములో అడగండి, తర్వాత ఐదు శాతం గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: పెట్రోల్ కలిపితే ఆయిల్ పల్చబడి తొందరగా దిగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: పల్చబడటం నిజమే, మడ్డి తొందరగా దిగడమూ నిజమే. అయితే నల్ల ఆయిల్ మామూలుగా అంత సులువుగా అంటుకోదు, పెట్రోల్ ఆవిరి మాత్రం సున్నాకి ఎంతో కింద ఉన్న చలిలో కూడా అంటుకుంటుంది. రెండూ కలిపిన డ్రమ్ము పక్కన పంపు మోటారు స్విచ్చి వేశారంటే ఆ నిప్పురవ్వ చాలు. అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, ఇసుక గానీ మంటలార్పే పొడి సిలిండర్ గానీ కావాలి. ఇన్ని సంగతులు చెప్పకుండా ఒక్క నిమిషం వీడియోలో పెట్రోల్ కలిపి చూపించే మహానుభావులకి నా నమస్కారం.

ప్రశ్న: సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి, మట్టితో కలిపి వడకడితే ఆయిల్ తేనె రంగుకి వస్తుందట. ఇంకొకాయన డ్రమ్ములో మరగబెట్టి ఆవిరి చల్లార్చి డీజిల్ తీస్తున్నాడు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. యాసిడ్, మట్టి పద్ధతి పాతకాలం రీఫైనర్లు చేసిందే, రంగు వస్తుంది కూడా. దాంతోపాటు అడుగున యాసిడ్ నిండిన తారు ముద్ద మిగులుతుంది, దాన్ని పారెయ్యడానికి చోటు లేకే పరిశ్రమ ఆ దారి వదిలి వాక్యూమ్ డిస్టిలేషన్‌కి (గాలి లాగేసి తక్కువ వేడి మీద ఆవిరి పట్టే పద్ధతికి) పోయింది. మీ పెరట్లో ఎక్కడ పోస్తారు చెప్పండి? రెండోది, ఆయిల్ విరిగి డీజిల్ లాంటిది రావాలంటే 350 డిగ్రీలు దాటాలి, ఆ వేడి దగ్గర లీకైన ఆవిరికి గాలి తగిలితే అగ్గిపుల్లతో పనిలేదు, అదే అంటుకుంటుంది.

ప్రశ్న: మేం మిషిగన్‌లో ఉంటాం. కార్లకి ఆయిల్ నేనే మార్చుకుంటా. చలికాలం గ్యారేజీలో పాత కట్టెల పొయ్యిలో ఈ ఆయిల్ చుక్కచుక్కగా వేసి కాల్చొచ్చా?

జవాబు: కట్టెల పొయ్యిలో వద్దు, సరిగ్గా కాలక పొగ, మసి ఎక్కువ. మీ దగ్గర దీనికోసమే చేసిన వేస్ట్ ఆయిల్ హీటర్లు అమ్ముతారు. షెడ్డులు తమ ఆయిల్నీ, ఇళ్ళలో మార్చుకునేవాళ్ళు తెచ్చిచ్చిన ఆయిల్నీ వాటిల్లో కాల్చుకోవచ్చని ఫెడరల్ రూలే ఉంది, గంటకి 5 లక్షల బీటీయూ (వేడి కొలత) మించకూడదు, పొగ బయటికి పోవాలి. ఇంటికి ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకుంటారో లేదో విడిగా కనుక్కోండి. ఏడాదికి మీకు వచ్చే నాలుగు డబ్బాలకి అంత హీటరు దండగ, ఆటో పార్ట్స్ షాపులు చాలావరకు ఊరికే తీసుకుంటాయి, ఇచ్చెయ్యండి.

ప్రశ్న: మా షెడ్డు ఆయిల్ సెంట్రింగ్ రేకులకి రాసేవాళ్ళు కొనుక్కుపోతారు, కొందరు చెదలకి తలుపులకి రాస్తారు. ఇది పర్వాలేదా? – ఓ మెకానిక్, ఖమ్మం

జవాబు: అలవాటు పాతదే, మంచిది మాత్రం కాదు. వానకి కడిగి నేలలోకే పోతుంది, ఒక గాలన్ ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీళ్ళని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. వాడిన ఆయిల్ని శుద్ధి చేసే అనుమతి ఉన్న రీరిఫైనర్‌కి ఇస్తే మళ్ళీ కొత్త ఆయిల్ తయారీకి వాడే బేస్ ఆయిలవుతుంది, 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ కంపెనీల మీద కూడా వాడిన ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యత పెట్టారు. ఆయిల్ డ్రమ్ములో కూలెంటు, బ్రేక్ ఆయిలు, థిన్నర్ కలపకండి, కలిస్తే కొనేవాడు వెనక్కి పంపుతాడు. కుర్రాళ్ళకి గ్లౌజులు ఇప్పించండి, వాడిన ఆయిల్ ఏళ్ళ తరబడి చర్మానికి తగలడం కేన్సర్‌కి దారి, పెట్రోలు పోసి చేతులు కడుక్కునే అలవాటుంటే అది కూడా మాన్పించండి.