హోమ్‌స్టేలో హీటరుకు విడిగా డబ్బు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది అరకు లోయ. గిరిజన కుటుంబం, సొంత స్థలం. ఇంటి మేడ మీద నాలుగు గదులు కట్టి టూరిస్టులకు ఇస్తున్నాం. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రంతా హీటర్లు, తెల్లారితే గీజర్లు. కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. అందుకని హీటరుకు రాత్రికి 500 రూపాయలు అదనమని గేటు దగ్గర బోర్డు పెట్టాం. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని హైదరాబాద్ నుంచి వచ్చిన భార్యాభర్తలు రెండు రాత్రులు హీటరు వాడుకుని, వెళ్లేటప్పుడు ఆ డబ్బు ఇవ్వబోమన్నారు. వాళ్ల డిపాజిట్ 2,000లో వెయ్యి పట్టుకున్నాం. ఇప్పుడు కన్స్యూమర్ కోర్టుకు వెళ్తామని లాయరు నోటీసు పంపారు. మేం చేసింది తప్పా? ఇకమీదట డబ్బు ఇవ్వనివాళ్ల గదికి కరెంటు ఆపేయొచ్చా? మీటరు ఇంటి కేటగిరీలోనే ఉంది, దానివల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు: మీరు చివర్లో అడిగిన మీటరు సంగతే అన్నిటికన్నా పెద్దది. కానీ నోటీసు చేతిలో ఉంది కాబట్టి ముందు దాని గురించి చెబుతాను.

హీటరుకు విడిగా డబ్బు తీసుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు. అద్దె ఎంత, అందులో ఏమేం కలిశాయి అన్నది మీకూ గెస్టుకూ మధ్య ఒప్పందం. చిక్కల్లా ఆ మాట ఎప్పుడు చెప్పారన్న దగ్గరే. ఆ దంపతులు హైదరాబాద్‌లో కూర్చుని రేటు చూసి డబ్బు కట్టినప్పుడే ఒప్పందం అయిపోయింది. ఘాట్ రోడ్డెక్కి మీ గేటు దాకా వచ్చాక కనిపించిన బోర్డు ఆ ఒప్పందంలోకి వెనక్కి వెళ్లి చేరదు. పిల్లాపాపలతో, సామాన్లతో చీకటి పడ్డాక దిగినవాళ్లు ‘సరేలెండి’ అన్నా, అది ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు కాదని వినియోగదారుల కమిషన్ (మీరన్న కన్స్యూమర్ కోర్టు) అనుకోవచ్చు.

ఆన్‌లైన్ అమ్మకాల్లో మోసపూరిత పద్ధతుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు ఒక ధర చూపి, డబ్బు కట్టాక ఇంకో మొత్తం బయటపెట్టడం అందులో పేరు పెట్టి చెప్పిన తప్పు. నోటీసు రాసిన లాయరు దాన్ని ఎత్తి చూపకుండా ఉండడు.

ఇక 500 అన్న అంకె. రెండు కిలోవాట్ల హీటరు ఆగకుండా నడిస్తే గంటకు రెండు యూనిట్లు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఏడు దాకా అయితే 20 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 200. మిగతా 300 ఎందుకని అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. హీటరు కొన్నాం, రిపేర్లు చేయిస్తాం, అది మా సర్వీసు అని ‘హీటరు అద్దె’గా ముందే చెప్పి తీసుకుంటే ఎవరూ తప్పు పట్టలేరు. అదే మొత్తాన్ని ‘కరెంటు చార్జీ’ అంటే మాత్రం ఇరుక్కుంటారు. గదికో సబ్‌మీటరు పెట్టి అయిన యూనిట్లకు అయినంత వసూలు చేసుకోవచ్చు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పది రూపాయలకిచ్చిన యూనిట్‌ను మీరు పాతికకు అమ్మితే అది కరెంటు వ్యాపారం. విద్యుత్ చట్టం, 2003లోని 12వ సెక్షన్ ప్రకారం దానికి లైసెన్సు కావాలి.

గీజర్లను మీరు అనవసరంగా ఆడిపోసుకుంటున్నారనిపిస్తుంది. 15 లీటర్ల నీళ్లు బాగా కాగడానికి ముప్పావు యూనిట్, మహా అయితే ఒక యూనిట్. మీ బిల్లు పెంచుతున్నవి హీటర్లే.

నోటీసుకు నా సలహా ఇది: వెయ్యి రూపాయలు తిరిగి పంపేయండి. ‘తప్పు ఒప్పుకుంటూ కాదు, వివాదం ముగించడానికి మాత్రమే’ అని ఒక ఉత్తరం రాసి, బ్యాంకు ద్వారానే వేయండి. ఎందుకంటారా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే ఊళ్లోనే కేసు వేయొచ్చు. అంటే హైదరాబాద్‌లో. వాళ్లకు అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. మీకు మాత్రం లాయరు ఖర్చు, ప్రయాణాలు, టెన్షన్. ఒకవేళ అప్పటికే కేసు వేసి కమిషన్ నుంచి కాగితం వస్తే దాన్ని బీరువాలో పెట్టకండి. జవాబుకు గడువు 30 రోజులు, కమిషన్ దయతలిస్తే మరో 15. ఆ 45 దాటాక పొడిగించడం కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చేసింది.

కరెంటు ఆపేయడం జోలికి వెళ్లొద్దు. అద్దె తీసుకున్న గదిలో జనవరి రాత్రి కరెంటు తీసేస్తే వెయ్యి రూపాయల తగాదా కాస్తా సేవాలోపం కేసు అవుతుంది. వాళ్లు నష్టపరిహారం అడుగుతారు, వచ్చే అవకాశమూ ఉంది. హీటరు ప్లగ్గుకు టైమరు పెట్టుకోవచ్చు, గీజరు ఫలానా వేళల్లోనే పనిచేస్తుందని నియమం పెట్టుకోవచ్చు. వాటినీ బుకింగ్‌కు ముందే చెప్పాలి.

ఇంకో ముక్క. హీటరు రేటు మరీ పెంచితే కొందరు బయటి చలిమంటలోంచి నిప్పులు కుంపట్లో వేసుకుని గదిలోకి తెచ్చుకుంటారు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తెలిసీ చూడనట్టు ఊరుకుంటే నిర్లక్ష్యం వల్ల మరణమని భారతీయ న్యాయ సంహిత 106 కింద కేసు మీ మెడకు చుట్టుకోవచ్చు. శిక్ష అయిదేళ్ల దాకా ఉంది. గదుల్లోకి నిప్పు తేకూడదని రాసిపెట్టండి, రాత్రి ఒకసారి చూసుకోండి కూడా.

ఇప్పుడు మీటరు. ఇంటి అవసరానికని తీసుకున్న కనెక్షన్ మీద టూరిస్టు గదులు నడిపితే, మంజూరైన అవసరానికి కాక వేరేదానికి వాడారని డిస్కం వాళ్లు విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రాయొచ్చు. ఆ సెక్షన్ కింద రాసేది దొంగతనం కేసు కాదు. కానీ వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్క కడతారు. ఎప్పటి నుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు వేస్తారు. ముందు తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు. దానిమీద అభ్యంతరం చెప్పుకునే హక్కు మీకుంది, రాతపూర్వకంగా చెప్పండి. తుది ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు, దానికి సగం సొమ్ము ముందు కట్టాలి. సివిల్ కోర్టుకు వెళ్లే దారి లేదు.

కాబట్టి తనిఖీ రాకముందే కదలండి. మేడ మీది గదులకు వేరే సర్వీసు కావాలని మీ డిస్కం ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. నాలుగు హీటర్లు ఒక్కసారి వేస్తేనే ఎనిమిది కిలోవాట్లు, గీజర్లు ఇంకా కలపలేదు. లోడు అందుకు తగ్గట్టు రాయించండి. పర్యాటక శాఖలో హోమ్‌స్టేగా నమోదయ్యారా? అయితే ఆ పత్రం జతచేసి, మీకు ఏ కేటగిరీ వర్తిస్తుందో అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) నుంచి కాగితం మీద తీసుకోండి. లైన్‌మన్ నోటిమాట రేపు అక్కరకు రాదు. కింద ఇంటి మీటరును ఇంటికే ఉంచండి. గెస్టుల వాడకం అందులోంచి తప్పుకుంటే మీ సొంత బిల్లు చిన్న స్లాబుల్లోకి దిగుతుంది.

మీరు గిరిజనులు, స్థలమూ మీ సొంతం అన్నారు గనక, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం గొడవ మీకు లేదు. గిరిజనేతరులెవరైనా గదులు లీజుకిమ్మంటే మాత్రం కాగితం మీద సంతకం చేయకముందే నన్ను అడగండి. జీఎస్టీ సంగతికొస్తే, ఏడాది ఆదాయం 20 లక్షల లోపైతే మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది దాటితే హీటరు అద్దెను గది అద్దెతో కలిపే లెక్క చూపండి.

బుకింగ్ పేజీలో రేటు పక్కనే, ఫోన్ బుకింగ్ అయితే అడ్వాన్సుకు ముందే వాట్సాప్‌లో, ఈ నాలుగు ముక్కలు పెట్టండి: ‘గది అద్దెలో లైట్లు, ఫ్యాను, ఉదయం 6 నుంచి 9 దాకా వేడినీళ్లు కలిసి ఉన్నాయి. రూమ్ హీటరు కావాలంటే రాత్రికి ఇంత అద్దె, వద్దనుకుంటే అదనంగా ఏమీ లేదు. అదనపు దుప్పట్లు ఉచితం. గదుల్లో కుంపటి, బొగ్గులు నిషేధం.’ అవతలివాళ్లు ‘ఓకే’ అన్నాకే డబ్బు తీసుకోండి, ఆ మెసేజ్ రెండేళ్ల దాకా డిలీట్ చేయకండి. వినియోగదారుల కేసు వేయడానికి గడువు అంతే.