కార్డ్‌లెస్ ఫోన్ ఐదు నిమిషాలకే కట్ అవుతోంది, గరగరమంటోంది. కొత్తది కొనాలా?

కొనొద్దు. అంగడికి తీసుకుపోతే విప్పి కూడా చూడకుండా "ఇవి రిపేరు కావు సార్, కొత్తది తీసుకోండి" అంటారు. నా లెక్కలో ఇట్లా అటకెక్కిన ఫోన్లు పదింటిలో తొమ్మిది బాగానే ఉంటాయి. చెడిపోయేది సెల్లు, కాకపోతే బయటి వైరు, అదీ కాకపోతే మనం. మా ఇంట్లో మూడోది.

2013 ఎండాకాలం. అమ్మ కడపలో ఒక్కతే ఉండేది, నాకు అనంతపురంలో ఉద్యోగం, అక్క కువైట్‌లో. అక్కడ సెలవు శుక్రవారం, టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అందుకని శుక్రవారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసేది. అమ్మ ఆ పూట పొద్దున్నే వంట ముగించి, కార్డ్‌లెస్ ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునేది. బాగోగులు అయ్యేసరికి ఐదు నిమిషాలు. అప్పుడు అమ్మ చీటీ డబ్బుల సంగతి ఎత్తేది. సరిగ్గా అప్పుడే చెవిలో టుంయ్ టుంయ్ మని రెండు కూతలు, కట్.

"చీటీ మాటెత్తితే చాలు, పెట్టేస్తాంది చూడు మీ అక్క," అని అమ్మ నాకు ఫోన్. కాసేపటికి అక్క. "అమ్మకు నా మీద ఏంటికిరా అంత కోపం? మాట మధ్యలో పెట్టేస్తాంది." నెలన్నర ఇదే వరస. బావ దాకా పోయింది. మా పెద్దమ్మ అయితే అక్కను సముదాయించమని నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పింది.

శనివారం తాడిపత్రి మీదుగా బస్సులో పోయినా. ఏడు రోడ్ల దగ్గర రెండు రీఛార్జి సెల్లు కొని వేసినా. ఛార్జింగ్ రేకులు నల్లబడి ఉంటే పిల్లల రబ్బరుతో రుద్దినా. కొత్త సెల్లు మొదటిసారి 16 గంటలు పెట్టమంటారు, పెట్టినా. ఆదివారం పరీక్ష కోసమని మా ఆవిడతో నలభై నిమిషాలు మాట్లాడినా (పెళ్లయినాక అంతసేపు ఫోన్లో మాట్లాడింది అదే). ఏమీ కాలేదు. బస్సెక్కినా. శుక్రవారం మళ్లీ టుంయ్ టుంయ్.

అడాప్టరేమో అనుకున్నా. మళ్లీ పోయి అదీ మార్చినా. నేనున్న రెండు రోజులూ బంగారం లాగా పనిచేసింది. నేను పోయినాక మళ్లీ అంతే. అమ్మ తేల్చేసింది. "ఫోనుకు కూడా నువ్వంటే భయం రా."

మూడోసారి ఏదో పెళ్లికని వచ్చి, అమ్మకు ముందుగా చెప్పకుండా రాత్రి పదింటికి దిగినా. తలుపు తీయగానే కనిపించింది. ఫోన్ బేసు మీద తెల్ల క్రోషా గుడ్డ, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి. ఆ గుడ్డ మీద హ్యాండ్‌సెట్. ఎర్ర లైటు లేదు. రేకు రేకుకు తగిలితే కదా ఛార్జింగ్ ఎక్కేది! ఒక్కోసారి అల్లిక సందుల్లోంచి తగులుతున్నట్టుంది, ఆ కాస్త ఎక్కిందే ఐదు నిమిషాలు వచ్చేది. నేను పోయినప్పుడల్లా పనికి అడ్డమని ఆ గుడ్డ తీసి ఫ్రిజ్ మీద పడేసేవాణ్ని. నేను బస్సెక్కగానే అమ్మ ఉతికి మళ్లీ కప్పేది.

"దుమ్ము పడ్తాందని కప్పినా."

"ఇట్లా కప్పితే ఛార్జింగ్ ఎట్లా ఎక్కుతుందమ్మా?"

"టీవీకి కూడా కప్పినా గదా. అది పని చేస్తాందే?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ గుడ్డ పెళ్లికి ముందు అక్క అల్లింది. దాన్ని తీసేయడానికి అమ్మ ఒప్పుకోలేదు, రేకులున్న చోట కత్తెరతో రెండు బొక్కలు చేసింది. చీటీ గొడవ మటుకు అట్లాగే ఉంది, అది ఫోన్ వల్ల వచ్చింది కాదు.

మీ సంగతికొస్తా. హ్యాండ్‌సెట్ పెట్టగానే లైటు వెలుగుతుందా చూడండి. వెలిగి, రాత్రంతా ఉంచినా ఐదు నిమిషాలకే పడిపోతే సెల్లు ముసలివైనట్టే. మార్చేటప్పుడు రిమోట్‌లో వేసే మామూలు సెల్లు మాత్రం వేయొద్దు. అవి 1.5 వోల్టులవి, ఛార్జింగ్ కోసం చేసినవి కావు, కారిపోయి లోపలంతా తినేస్తాయి. 1.2 వోల్టులు, నికెల్ మెటల్ హైడ్రైడ్ అని రాసుండాలి. సన్న సెల్లు మీద 3000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క) అని గొప్పగా అచ్చు వేసి అమ్ముతారు, నమ్మొద్దు. ఆ సైజులో 1000 ఉంటేనే ఎక్కువ.

గరగరకు వేరే పరీక్ష. కార్డ్‌లెస్ పీకేసి, గోడకున్న పెట్టెలో పాత వైరు ఫోన్ తగిలించి వినండి. అందులో కూడా గరగరమంటే తప్పు లైనుది. మా వీధిలో అయితే వేపచెట్టు కొమ్మల్లో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒకటుండేది. ఎండకు టేపు ఊడి, వాన పడితే ఫోన్లో పకోడీలు వేగేవి. ఫిర్యాదు రాసుకుంటారు, మనిషి వస్తాడు, అదే జాయింటుకు కొత్త టేపు చుట్టి పోతాడు. వైరు ఫోన్లో శుభ్రంగా వినిపిస్తే మీ బేసు వైఫై పెట్టె పక్కన ఉందేమో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ ఫోన్లకు వైఫైతో పడదు, మైక్రోవేవ్ ఓవెన్‌తో అంతకన్నా పడదు. నాలుగడుగులు జరపండి.

పాత వైరు ఫోన్ పాత సామాన్లవాడికి వేసేశామంటే మాత్రం నాకు కోపం వస్తుంది. దానికి కరెంటు టెలిఫోన్ ఎక్స్చేంజి నుంచే, లైన్లోనే వస్తుంది, 48 వోల్టులు. ఆ ఏడాది మాకు గంటల తరబడి కోతలు. ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా, కార్డ్‌లెస్ బేసు చచ్చి పడున్నా, మా ఎర్ర డబ్బా వైరు ఫోన్ మోగేది. ఇప్పుడు ఫైబర్ వచ్చి ఆ సుఖం కూడా పోయింది, గోడకున్న ఫైబర్ డబ్బాకు కరెంటు లేకపోతే ఏ ఫోనూ లేదు. మీది ఫైబర్ లైనైతే ఆ డబ్బాను, కార్డ్‌లెస్ బేసును రెండింటినీ ఇన్వర్టర్ ప్లగ్గుకే పెట్టండి.