ప్రమోషన్‌కి ఇంటర్వ్యూ ఉంటుందా సార్?

పోయిన నెల పోలీసు ఉద్యోగాల గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఈసారి సంచి నిండా ప్రమోషన్ల ఉత్తరాలే. నేను ఖాకీ వేసినవాణ్ణి కాదు, జిల్లా పోలీసు ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లో ఫైళ్లు మోసి రిటైరైనవాణ్ణి, కాబట్టి ఫైలు వైపు నుంచే చెప్తాను.

ప్రశ్న: మా ఆయన హెడ్ కానిస్టేబుల్. ప్యానెల్, అంటే ప్రమోషన్‌కి అర్హుల లిస్టు, వేస్తున్నారంట. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారోనని డ్యూటీ దిగొచ్చాక కూడా కొత్త చట్టాల పుస్తకం పట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నాడు. నిజంగా ఇంటర్వ్యూ ఉంటుందా? ఎవరితోనైనా చెప్పించాలా?
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఉండదమ్మా. పుస్తకం మాత్రం చదవనివ్వండి, 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, స్టేషన్లో ఎలాగూ అక్కరకొస్తుంది. కానీ ప్రమోషన్ కోసం మీ ఆయన్ని పిలిచి కుర్చీ వేసి ప్రశ్నలడిగేవాళ్లు ఎవరూ లేరు. ప్యానెల్ వేసే కమిటీ ముందుకి మనిషి వెళ్లడు, కాయితాలు వెళ్తాయి.

జరిగేది ఇదీ. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 దాకా ఎన్ని ఖాళీలొస్తాయో, అంటే ఎవరు రిటైరవుతారు, ఎవరు పైకి వెళ్తారు అని ముందు లెక్క కడతారు. తర్వాత సీనియారిటీ లిస్టు తీసి, వరసలో ఉన్నవాళ్ల సర్వీస్ బుక్కులు, ఏసీఆర్‌లు (పనితీరు మీద పై అధికారి ఏటా రాసే రహస్య నివేదికలు), పనిష్మెంట్ల వివరాలు, పెండింగ్ ఎంక్వైరీలు ఏమైనా ఉంటే అవీ కలిపి ఒక స్టేట్‌మెంట్ తయారు చేస్తారు. ఒక్కో మనిషి ఇరవై ఏళ్ల నౌకరీ ఒక్క అడ్డగీతలో ఇమిడిపోతుంది. పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, రివార్డులు, జీఎస్ఈలు (మంచి పనికి రాసే ఎంట్రీలు), సెన్షూర్లు (మందలింపులు), పీపీఐలు (ఇంక్రిమెంటు వాయిదా శిక్షలు), చివర రిమార్క్స్. సార్లు ముందు చూసేది ఆ చివరి కాలమే, అది ఖాళీగా ఉంటే పేరు దగ్గర టిక్ పెట్టి కిందికి పోతారు. అరనిమిషం పని.

అందుకే చెప్పించుకోవడం మానేసి, మీ ఆయన్ని సర్వీస్ బుక్ ఒకసారి చూసుకోమనండి. నా కళ్లముందు జరిగింది చెప్తా. ఓ హెడ్ కానిస్టేబుల్ మీద బందోబస్తుకి ఆలస్యంగా వచ్చాడని ఛార్జ్ మెమో (ఆరోపణల నోటీసు) పడింది, ఎంక్వైరీలో ఏమీ తేలక డ్రాప్ చేశారు, ఆర్డర్ కూడా ఇచ్చారు. ఆ ఆర్డర్ టపాల్లో వచ్చి ఇంకో ఫైల్లో ట్యాగ్ అయిపోయింది, సర్వీస్ బుక్‌లో ఎక్కలేదు. బుక్‌లో ఎర్ర సిరాతో ఛార్జ్ మెమో రాసినట్టుంది, దాన్ని కొట్టేసినట్టు లేదు. ప్యానెల్‌లో పేరు ఆగింది. ఆయన ఆర్డర్ కాపీ ఇంట్లో ఎల్ఐసీ బాండ్లలో దాచుకున్నాడు కాబట్టి సరిపోయింది, పట్టుకొచ్చి చూపించాడు, సరిచేశాం. కానీ ఈలోపు ఆయన కంటే జూనియర్లు ముగ్గురికి భుజం మీద స్టార్ ఎక్కేసింది. ఆ తప్పు మా సెక్షన్‌దే, ఇప్పటికీ ఆయన ఎదురైతే నేనే ముందు నమస్కారం పెడతా.

ఇంకోటి, సెన్షూర్ అంటే ఉత్త మాట మందలింపే కదా అని చాలామంది సంతకం పెట్టి ఊరుకుంటారు. ఒక్క సెన్షూర్ పడితే ఏడాది పాటు ప్రమోషన్‌కి అడ్డం. అప్పీల్ గడువు దాటాక నెత్తి కొట్టుకుని లాభం లేదు.

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ ఒకే బ్యాచ్, ఒకే కాలేజీలో ట్రైనింగ్. వాడు పక్క జిల్లాలో హెడ్ అయ్యి రెండేళ్లయింది. నేనింకా కానిస్టేబుల్నే. ఇదేం న్యాయం?
– ఓ కానిస్టేబుల్, ఉమ్మడి ఖమ్మం జిల్లా

జవాబు: తమ్ముడూ, కానిస్టేబుల్ సీనియారిటీ జిల్లా లెక్క. వాళ్ల జిల్లాలో ఖాళీలు ముందొచ్చాయి, మీ దగ్గర రాలేదు, అంతే. ఎస్సైలకి జోన్ లెక్క, పైకి వెళ్లేకొద్దీ పరిధి ఇంకా పెద్దది. రాష్ట్రపతి ఉత్తర్వులప్పట్నుంచీ, అంటే 1975 నుంచీ ఉన్న గొడవే ఇది. మీ తెలంగాణలో 2018లో కొత్త ఉత్తర్వు వచ్చి జోన్లు మారాయి గానీ పక్కవాడితో పోల్చుకునే బాధ మాత్రం మారలేదు.

ప్రశ్న: నేను ఎస్సైని. ఒక ఫిర్యాదు మీద ప్రిలిమినరీ ఎంక్వైరీ నడుస్తోంది. సీఐ ప్యానెల్‌లో నా పేరు సీల్డ్ కవర్‌లో పెడతారని తోటివాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా?
– పేరు వద్దన్నారు, రాయలసీమ

జవాబు: ఛార్జ్ మెమో ఇచ్చారా? కోర్టులో ఛార్జ్‌షీట్ వేశారా? రెండూ లేకపోతే ఉత్త ప్రిలిమినరీ ఎంక్వైరీ చూపించి సీల్డ్ కవర్ పెట్టకూడదు. 1991లో జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, ఇప్పటికీ సర్వీస్ కేసుల్లో లాయర్లు ముందు తీసేది ఆ తీర్పే. సీల్డ్ కవర్ అంటే కమిటీ మీ పేరు కూడా అందరితో పాటు చూస్తుంది, తన అభిప్రాయం రాసి కవర్‌లో పెట్టి లక్కముద్ర వేస్తుంది, కేసులో పూర్తిగా బయటపడ్డాక తెరుస్తారు, లోపల అర్హుడని ఉంటే జూనియర్‌కి ఇచ్చిన తేదీ నుంచే మీకూ నోషనల్‌గా (కాయితం మీద లెక్కకి) ఇస్తారు. పాత జీతం అంతా వస్తుందా అంటే అది కేసుని బట్టి.

కానీ ఒక్క మాట. ప్యానెల్ టైమ్ దగ్గరపడ్డప్పుడే కొన్ని ఛార్జ్ మెమోలు హడావుడిగా పుట్టుకొస్తాయి. ఎందుకు పుడతాయో మీకు నేను చెప్పాలా. ఏ కాగితం ఏ తేదీన చేతికొచ్చిందో రాసి పెట్టుకోండి, సంతకం కింద తేదీ వేయకుండా ఏదీ తీసుకోకండి.

ప్రశ్న: పై అధికారి నా ఏసీఆర్‌లో ఏం రాశాడో నాకు తెలిసే దారి ఉందా?
– ఓ ఇన్‌స్పెక్టర్

జవాబు: ఉంది, అడిగే హక్కే ఉంది. మునుపు చెడ్డగా రాస్తేనే చెప్పేవాళ్లు. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు ఏ గ్రేడ్ అయినా సరే చెప్పాల్సిందే అంది, 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి దాన్ని ఖాయం చేసింది. 'గుడ్' అని రాస్తే సంతోషపడిపోకండి సార్, పోటీ ఉన్న చోట పక్కవాడికి 'వెరీ గుడ్' ఉంటే మీ 'గుడ్' చెడ్డ కిందే లెక్క.

ప్రశ్న: డీఎస్పీగా చేరినవాళ్లు కన్ఫర్డ్ ఐపీఎస్ (ప్రమోషన్ మీద వచ్చే ఐపీఎస్) అవుతారు కదా, ఆ ఎంపికలో యూపీఎస్సీ ఉంటుంది కాబట్టి ఢిల్లీలో ఇంటర్వ్యూ చేస్తారా?
– గ్రూప్-1కి చదువుతున్న విద్యార్థిని, విజయవాడ

జవాబు: అందరూ ఇక్కడే పొరబడతారమ్మా. యూపీఎస్సీ పేరు వినగానే ఢిల్లీలో దాని ఆఫీసు ధోల్‌పూర్ హౌస్, టై, సూటు గుర్తొస్తాయి. స్టేట్ పోలీసు సర్వీసు నుంచి ఐపీఎస్‌కి ఇంటర్వ్యూ లేదు. 1955 నాటి రెగ్యులేషన్ల ప్రకారం యూపీఎస్సీ ఛైర్మనో మెంబరో పెద్దగా కూర్చుంటారు, రాష్ట్రం నుంచి సీఎస్, డీజీపీ లాంటివాళ్లు ఉంటారు, ముందున్నవి మళ్లీ ఏసీఆర్‌లే. ఒక్కొక్కర్నీ అవుట్‌స్టాండింగ్, వెరీ గుడ్, గుడ్, అన్‌ఫిట్ అని నాలుగు గంపల్లో వేస్తారు. మొదటి గంపలోవాళ్లు అయ్యాకే రెండో గంప, ఒక గంపలో ఉన్నవాళ్ల మధ్య మాత్రం సీనియారిటీయే. డీఎస్పీగా కనీసం ఎనిమిదేళ్లు ఉండాలని రూలు, మన దగ్గర అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది.

తమాషా ఏంటంటే ఐఏఎస్‌కి మాత్రం ఒక దారిలో ఇంటర్వ్యూ ఉంది. రెవెన్యూ కాకుండా వేరే శాఖల నుంచి తీసుకునే నాన్ ఎస్‌సీఎస్ (స్టేట్ సివిల్ సర్వీసు కానివాళ్ల) కోటాలో యూపీఎస్సీ మనిషిని పిలిచి మాట్లాడుతుంది. పోలీసుని మాత్రం పిలవదు. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు, జనంతో రోజూ మాట్లాడే ఉద్యోగానికే కదా ఎదురుగా కూర్చోబెట్టి చూడాల్సింది. డీజీపీకైనా అంతే, 2006లో ప్రకాశ్ సింగ్ కేసు తీర్పు ప్రకారం యూపీఎస్సీ ముగ్గురి పేర్లు పంపితే రాష్ట్రం ఒకర్ని పెట్టుకోవాలి, అక్కడ కూడా రికార్డే మాట్లాడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో పోలీసు కానిస్టేబుల్. సార్జెంట్‌కి పరీక్ష పాసయ్యాడు, ఇప్పుడు బోర్డు అంటున్నాడు. అక్కడ కూడా ఫైలేనా?
– ఓ తండ్రి, గుంటూరు

జవాబు: కాదండీ, అక్కడ మీవాడే వెళ్లాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో ముందు చట్టం మీద ఆబ్జెక్టివ్ పరీక్ష, అది దేశమంతా ఒకటే. తర్వాత మీవాడు పనిచేసే ఫోర్స్ సొంతంగా ఎంపిక పెట్టుకుంటుంది, ఎక్కువగా ఇంటర్వ్యూయే, మీవాడు బోర్డు అంటున్నది అదే. అది దాటితే టెంపరరీ సార్జెంట్‌గా వేసి ఏడాది పాటు పని చూస్తారు, ఆ తర్వాతే ఖాయం. పరీక్ష పాసైనంత మాత్రాన సార్జెంట్ స్ట్రైప్స్ (హోదా పట్టీలు) రావు, అక్కడ పాసై బోర్డు దగ్గర ఆగిపోయినవాళ్లు బోలెడు.

ఆ బోర్డులో సెక్షన్లు అడగరు. 'కష్టమైన నిర్ణయం తీసుకున్న సందర్భం చెప్పు, నువ్వేం చేశావు, తర్వాత ఏమైంది' అని అడుగుతారు. బోర్డు దాటిన ఓ మనవాడు నాతో అన్న మాట: మొదటిసారి అడిగిన ప్రతిదానికీ 'మేం వెళ్లాం, మేం ఆపాం, మా టీమ్ చేసింది' అని చెప్పాడట, మనకి చిన్నప్పట్నుంచీ నేను నేను అనడం తప్పని నేర్పారు కదా. నువ్వేం చేశావో మాకు తెలియలేదు అని రాసి పంపించేశారట. రెండోసారి వెళ్లేముందు అద్దం ముందు నిలబడి 'నేను' అనడం ప్రాక్టీస్ చేశానన్నాడు. మీవాడికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.