ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 33. మాది వరంగల్. కొన్ని నెలలుగా ఒళ్లునొప్పులు, నీరసం. జుట్టు కూడా బాగా ఊడుతోంది. మూడేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య హెల్త్ ప్యాకేజీలో ఏఎన్ఏ పరీక్ష చేస్తే 1:80, స్పెకిల్డ్, పాజిటివ్ అని వచ్చింది. నెట్‌లో చూస్తే లూపస్ అని ఉంది. తెలిసినవాళ్లేమో స్టెరాయిడ్ వాడితే తగ్గిపోతుందంటున్నారు. రెండో బిడ్డ కోసం అనుకుంటున్న టైమ్‌లో ఇలా రావడంతో చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి మీకు లూపస్ (రోగనిరోధక వ్యవస్థ మన సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు) ఉందని చెప్పడానికి ఆధారం లేదమ్మా. స్టెరాయిడ్ మాత్రం దయచేసి మొదలుపెట్టకండి. జబ్బేమిటో తేలకముందే వాడితే నొప్పులు తాత్కాలికంగా తగ్గుతాయి కానీ అసలు లక్షణాలు మరుగున పడిపోతాయి. ఆ తర్వాత చూసే డాక్టర్‌కు జబ్బును పట్టుకోవడం కష్టమవుతుంది.

క్రిములతో పోరాడాల్సిన యాంటీబాడీలు ఒక్కోసారి మన సొంత కణాల మీదికే తిరుగుతాయి. వీటినే ఆటోయాంటీబాడీలు అంటాం. వాటిలో కణ కేంద్రకానికి అతుక్కునేవి ఏఎన్ఏ. ల్యాబ్‌లో మీ రక్తంలోని సీరమ్‌ను పలచన చేసి, గాజు స్లైడ్ మీద ఉన్న కణాలపై వేస్తారు. దానికి మెరిసే రసాయనం కలిపి ప్రత్యేక మైక్రోస్కోప్‌లో చూస్తే, యాంటీబాడీలు ఉన్నచోట కేంద్రకాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. 80 రెట్లు పలచన చేసినా వెలుగు కనిపించిందంటే 1:80. ఆ వెలుగు చుక్కలు చుక్కలుగా ఉంటే స్పెకిల్డ్. మీ రిపోర్టు చెబుతున్నది ఇంతే.

ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఈ వెలుగు కనిపిస్తుంది. 1997లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే 1:80 దగ్గర నూటికి సుమారు 13 మందికి, 1:320 దగ్గర కూడా ముగ్గురికి ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. వయసు పైబడినవాళ్లలో, టీబీ లాంటి ఇన్‌ఫెక్షన్లు ఉన్నవాళ్లలో, కొన్ని మందులు వాడేవాళ్లలో కూడా రావొచ్చు. మీ విషయంలో ఇంకో కారణం కళ్లెదుటే ఉంది. మీరు థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు. రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ గ్రంథిపై దాడి చేసే హషిమోటో రకం జబ్బు ఉన్నవాళ్లలో ఏఎన్ఏ పాజిటివ్ తరచూ చూస్తుంటాం.

మరి ఈ పరీక్ష ఎందుకంటే, లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఏఎన్ఏ ఉంటుంది. కాబట్టి నెగటివ్ వస్తే లూపస్ కాదని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చు. పాజిటివ్ వస్తే మాత్రం ఉందని చెప్పలేం. 2019లో అమెరికా, యూరప్ రుమటాలజీ (కీళ్ల జబ్బులు, లూపస్ లాంటి జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో 1:80 గేటు లాంటిది మాత్రమే. గేటు దాటాక లక్షణాలకు, మిగతా పరీక్షలకు కలిపి కనీసం 10 పాయింట్లు రావాలి. అందులో ఒంట్లో కనిపించే లక్షణం ఒక్కటైనా ఉండాలి. కాగితం మీది పాజిటివ్‌తోనే లూపస్ అనడం కుదరదు.

అందుకే మేం రిపోర్టు చూసే ముందు మనిషిని చూస్తాం. ఎండలోకి వెళ్తే బుగ్గల మీద, ముక్కు మీద ఎర్రగా దద్దురు వస్తోందా? నొప్పి లేని నోటిపుండ్లు ఉన్నాయా? పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు వాచి, అరగంటకు పైగా బిగుసుకుపోతున్నాయా? చల్లనీళ్లలో చేతులు పెడితే వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతున్నాయా? కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోందా? నోరు ఎండిపోయి, నీళ్లు తాగితే తప్ప ముద్ద దిగడం లేదా? ఇలాంటివి ఉన్నప్పుడే తర్వాతి యాంటీబాడీ పరీక్షలకు అర్థం ఉంటుంది. యాంటీ డీఎస్-డీఎన్ఏ, యాంటీ ఎస్ఎమ్ అనే యాంటీబాడీలు లూపస్‌ను బలంగా సూచిస్తాయి. చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మాలో ఎస్‌సీఎల్-70 అనే యాంటీబాడీ ఉంటే ఊపిరితిత్తుల మీద, సెంట్రోమియర్ యాంటీబాడీ ఉంటే ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ మీద కన్నేసి ఉంచుతాం. కండరాలు బలహీనపడి, ఆయాసం కూడా వస్తుంటే జో-1 అనే యాంటీబాడీ చూస్తాం. ఈ జో-1 ఉన్నవాళ్లలో ఏఎన్ఏ నెగటివ్‌గా రావడం కూడా ఉంది. నెగటివ్ రిపోర్టు పట్టుకుని అలాంటి లక్షణాలను కొట్టిపారేయడం నా దృష్టిలో ఇంకా పెద్ద ప్రమాదం.

ఏ లక్షణమూ లేకుండా ఈ ప్యానెల్ మొత్తం చేయిస్తే ఏదో ఒకటి బోర్డర్‌లైన్‌గా వచ్చి భయం పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఏఎన్ఏని మళ్లీ మళ్లీ చేయించడం కూడా అనవసరం. జబ్బు ఖాయమైన వాళ్లలో సైతం దాని అంకెను బట్టి మందు తగ్గించడం, పెంచడం ఉండదు.

ఇక బిడ్డ సంగతి. ఈ ఒక్క రిపోర్టు వల్ల ఆగాల్సిన పని లేదు. కళ్లు, నోరు పొడిబారడం లాంటివి ఉంటే యాంటీ రో అనే మరో యాంటీబాడీ పరీక్ష ఒకసారి చేయించుకోండి. అది పాజిటివ్ అయిన తల్లులకు పుట్టే నూరుగురు పిల్లల్లో ఒకరిద్దరికి గుండె కొట్టుకునే వేగం బాగా పడిపోయే సమస్య రావొచ్చు. ముందే తెలిస్తే గర్భిణిగా ఉన్నప్పుడే బిడ్డ గుండెకు స్కాన్లు చేసి గమనిస్తారు. అవసరమైతే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు ఇస్తారు.

మీ నీరసానికి, జుట్టు ఊడటానికి థైరాయిడ్ మందు డోసు చాలకపోవడం, రక్తహీనత, విటమిన్-డి లోపం లాంటి మామూలు కారణాలే ఎక్కువగా ఉంటాయి. ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), విటమిన్-డి, ఈఎస్ఆర్ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే పరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి. గర్భం కోసం చూస్తున్నారు కాబట్టి టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా డోసు సరిచేయించుకోండి. పైన రాసిన లక్షణాల్లో ఏదైనా ఉంటే రుమటాలజిస్ట్‌ను కలవండి. మూత్రంలో నురగ, కాళ్లవాపు, ఊపిరి పీల్చితే ఛాతీలో నొప్పి లాంటివి కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.