సబ్‌డొమైన్ కలిపే ముందు

చి. అమ్మడుకి,

మామయ్య ఆశీస్సులు. షాపు సైటు పాత చోటే ఉంచి, ఆర్డర్ల కోసం సబ్‌డొమైన్ (డొమైన్ పేరు ముందు ఇంకో ముక్క చేర్చిన పేరు) ఒకటి కొత్త సర్వర్‌కి కలపాలని రాశావు. మంచిదే. కానీ కొత్త సర్వర్‌వాళ్లు "మా నేమ్‌సర్వర్లు పెట్టుకోండి" అన్నారని ఇప్పుడున్న నేమ్‌సర్వర్లను (డొమైన్ రికార్డులు ఉంచి, అడిగినవాళ్లకు చెప్పే సర్వర్లు) మార్చేయకు. మారిస్తే డొమైన్ లెక్కలన్నీ వాళ్ల దగ్గరికి పోతాయి. పాత చోట ఉన్న ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పేవి) అక్కడ ఉండవు కాబట్టి, మళ్లీ ఎక్కించేదాకా మీ మెయిల్స్ ఆగిపోతాయి. సైటు బాగానే కనిపిస్తుంటే ఈ సంగతి ఎవరికీ తట్టదు కూడా.

నీకు కావలసింది ఒక్క 'ఏ' రికార్డు, అంటే ఈ పేరు ఏ ఐపీ అడ్రసుకి వెళ్లాలో చెప్పేది. ఇప్పుడున్న డీఎన్ఎస్ (పేర్లను అడ్రసులకు కలిపే వ్యవస్థ) ప్యానెల్లోనే పేరు దగ్గర సబ్‌డొమైన్ ముక్క మాత్రం రాయి. మొత్తం రాస్తే చాలా ప్యానెళ్లు దాని వెనక డొమైన్‌ని మళ్లీ తగిలిస్తాయి. రెండో గడిలో సర్వర్ పబ్లిక్ ఐపీ. 192.168తో మొదలయ్యేది లోపలి నెట్‌వర్క్ అడ్రసు, బయటివాళ్లకు అందదు. సర్వర్‌వాళ్లు ఐపీ బదులు పేరు ఇస్తే సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకు కలిపే రికార్డు) పెట్టు, అదీ సబ్‌డొమైన్‌కే. సీనేమ్ ఉన్న పేరుకు వేరే రికార్డు ఉండకూడదని 1987 నాటి నియమాల్లోనే ఉంది. అసలు డొమైన్‌కేమో నేమ్‌సర్వర్లు ఏవో చెప్పే ఎన్ఎస్ రికార్డులు తప్పవు, అందుకే అక్కడ సీనేమ్ కుదరదు.

రికార్డు పెట్టకముందే ఆ పేరు బ్రౌజర్లో కొట్టి చూడకు. "అలాంటి పేరు లేదు" అన్న జవాబు కూడా కాసేపు క్యాష్‌లో (జవాబులు తాత్కాలికంగా దాచుకునే చోట) ఉండిపోతుంది, తర్వాత రికార్డు సరిగ్గా ఉన్నా రాలేదేంటని టెన్షన్ పడతావు. టీటీఎల్ (జవాబు ఎన్ని సెకన్లు క్యాష్‌లో ఉండాలో చెప్పేది) 300 పెట్టు, అంటే 5 నిమిషాలు. అంతా కుదిరాక 3600 చేసుకో.

డీఎన్ఎస్ పని దారి చూపడం వరకే. సర్వర్ మీద సైట్లను అందించే ఎంజినెక్స్ సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ నేమ్ దగ్గర ఆ పేరు రాయకపోతే డిఫాల్ట్ సైటే తెరుచుకుంటుంది. సైటు హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకోవడానికి కావలసిన సర్టిఫికెట్ చివర్లో తీసుకో. దాన్ని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా 80 పోర్టుకి వచ్చి చూసి వెళ్తుంది, కాబట్టి పేరు అప్పటికే సర్వర్‌కి చేరుతూ ఉండాలి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరిచి ఉండాలి. పేరు ఎక్కడికి వెళ్తోందో డిగ్ కమాండ్‌తో చూసుకో. 'నాలుగు ఏ'ల రికార్డు (ఏఏఏఏ, ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రసు చెప్పేది) ఒకటి తప్పు అడ్రసుతో ఉంటే కొందరికి సైటు వస్తుంది, కొందరికి రాదు. వాడకపోతే తీసెయ్.

రేపు ఆ సర్వర్ వదిలేస్తే ముందు ఈ రికార్డు తీసి, తర్వాతే సర్వర్ రద్దు చెయ్యి. లేకపోతే ఆ ఐపీ ఇంకొకరికి ఇవ్వొచ్చు, అప్పుడు మీ షాపు పేరు మీద వాళ్ల పేజీ తెరుచుకోవచ్చు.

మీ మామయ్య