పుట్టిన రెండో రోజుకే రక్తంలో ఇన్ఫెక్షనా?

ప్రశ్న: డాక్టరు గారూ, నమస్కారం. మా అమ్మాయికి ఇది తొలి కాన్పు. ఎనిమిదో నెల నడుస్తుండగా ఒకరోజు రాత్రి పదింటికి ఉమ్మనీరు పోయింది. నొప్పులు రాలేదు కదా అని తెల్లారేదాకా ఇంట్లోనే ఉన్నాం. మర్నాడు సాయంత్రం ఐదింటికి కాన్పయింది, పాప బరువు 1,900 గ్రాములు. రెండో రోజు పాలు పట్టడం మానేసింది, ఒళ్లు చల్లబడింది. బాక్సులో పెట్టి, రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేశాక ఇంటికి తెచ్చుకున్నాం, ఇప్పుడు పాప బాగుంది. కానీ మా వియ్యపురాలు, కాన్పయిన మర్నాడే పెరుగన్నం తింది కాబట్టే ఇలా అయిందని అందరితో అంటున్నారు. మా అమ్మాయి రోజూ ఏడుస్తోంది. పసిగుడ్డు రక్తంలోకి క్రిములు ఎలా వెళ్తాయి? ఇది చాలామందికి వస్తుందా?
– ఒక అమ్మమ్మ, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ పెరుగన్నం సంగతి తేల్చేద్దాం. తల్లి పెరుగు తింటే బిడ్డ రక్తంలో ఇన్ఫెక్షన్ రాదు. ఈ మాట మీ వియ్యపురాలికి కూడా చదివి వినిపించండి, ఆవిడకీ పాప మీద బెంగే కదా, భయంలో ఏదో ఒక కారణం వెతుక్కుంటాం.

అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. బిడ్డ చుట్టూ ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ బయటి క్రిములకి దాదాపు దారి ఉండదు. అది చిరిగాక, తల్లి పేగుల్లో, జననమార్గంలో ఆమెకి ఏ హానీ చేయకుండా బతికే బాక్టీరియా మెల్లగా పైకి పాకుతుంది. నీరు పోయి 18 గంటలు దాటినా బిడ్డ పుట్టకపోతే మేం జాగ్రత్తపడేది అందుకే, మీకు 19 గంటలయింది. దానికి తోడు పాప నెలలు నిండకుండా పుట్టింది. తల్లి నుంచి బిడ్డకి చేరాల్సిన యాంటీబాడీలు, అంటే క్రిములతో పోరాడే ప్రొటీన్లు, ఎక్కువగా చివరి వారాల్లోనే చేరతాయి, ఆ వారాలు ఈ పాపకి దక్కలేదు. ఇందులో మీ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు. నొప్పులు లేకపోతే ఆగొచ్చని మీకూ ఎవరూ చెప్పి ఉండరు, ఆగకూడదని కూడా చెప్పి ఉండరు. ఇది చదివే మిగతావాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి: ఉమ్మనీరు పోతే నొప్పులు ఉన్నా లేకపోయినా, అర్ధరాత్రయినా, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.

మొదటి 72 గంటల్లో వచ్చే ఇన్ఫెక్షన్ ఎక్కువగా తల్లి నుంచి, తర్వాత వచ్చేది చేతుల నుంచి, సెలైన్ సూదుల నుంచి, గొట్టాల నుంచి అని పుస్తకాల్లో చదువుకున్నాం. మన దేశంలో ఆ గీత అంత స్పష్టంగా లేదు. ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల్లో పుట్టి, ఐసీయూలో చేరిన 13,530 మంది శిశువులను 2011 నుంచి 2014 దాకా గమనించారు. వందలో 14 మందికి సెప్సిస్, అంటే ఈ రక్తంలో ఇన్ఫెక్షనే, అని తేలింది, కల్చర్‌లో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) క్రిమి దొరికింది ఆరుగురికి. దాదాపు మూడింట రెండొంతులు మొదటి 72 గంటల్లోపే వచ్చినవి. ఇవి ఐసీయూలో చేరిన పిల్లల లెక్కలు, పుట్టిన ప్రతి వందమందిలో 14 మందికి అని కంగారుపడొద్దు. నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే విషయం. అమెరికాలాంటి చోట్ల మొదటి రోజుల్లో ఎక్కువగా కనిపించే క్రిముల్లో ఒకటి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, అది పెన్సిలిన్‌కి లొంగుతుంది. ఢిల్లీలో ముందు నిలిచింది ఎసినెటోబాక్టర్, తర్వాత క్లెబ్సియెల్లా, ఈ.కోలై. ఆ ఎసినెటోబాక్టర్‌లో ఐదింట నాలుగు చాలా మందులకి లొంగని మొండివి. ఇలాంటివి ఆసుపత్రి సింకుల్లో, గొట్టాల్లో, మా చేతుల మీద బతుకుతాయి. అందుకే బాక్సు దగ్గరికొచ్చే ఎవరినైనా, నాతో సహా, చేతులు కడుక్కున్నారా అని అడిగే హక్కు తల్లికి ఉంది. ఉంగరాలు, గాజులు, వాచీ తీసి మోచేతిదాకా సబ్బుతో కడగాలి. కడిగాక కొంగుకి తుడుచుకుంటే మళ్లీ మొదటికొచ్చినట్టే.

పాప విషయంలో మీరు చాలా మంచి పని ఒకటి చేశారు, పాలు పట్టడం లేదని వెంటనే గమనించారు. నా డ్యూటీలో ఒకసారి ఐదు రోజుల బాబుని తెచ్చారు, "పొద్దుట్నుంచి ఒక్కసారీ ఏడవలేదు సార్, బంగారంలా పడుకున్నాడు" అని వాళ్ల నానమ్మ సంతోషంగానే చెప్పింది. అరికాలు మీద వేలితో తట్టాను, కాలు వెనక్కి లాక్కోలేదు. పొట్ట వెచ్చగా ఉంది, పాదాలు మాత్రం మంచులా ఉన్నాయి. పసిపిల్లలకి జ్వరమే రావాలని లేదు, ఒళ్లు చల్లబడటమూ అంతే ప్రమాదం. పాలు పట్టకపోయినా, లేపినా లేవకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, నిమిషానికి 60 సార్లకి మించి ఊపిరి తీస్తున్నా, గుణం (ఫిట్స్) వచ్చినా దిష్టి తీసే టైమ్ కాదది, 108కి ఫోన్ చేయండి. ఆ బాబుకి రెండు గంటల్లో మందు మొదలైంది, బతికాడు.

ప్రశ్న: మా బాబుకి బ్లడ్ కల్చర్ నెగటివ్ వచ్చింది, అయినా ఏడు రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. బిల్లు కోసమేనా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: నెగటివ్ అంటే క్రిమి లేదని కాదు, దొరకలేదని. పసిబిడ్డ నుంచి తీయగలిగేది మిల్లీలీటరు రక్తం, అందులోనూ క్రిములు తక్కువ ఉండొచ్చు, కాన్పుకి ముందే తల్లికి యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే ఇంకా కష్టం. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, అంతదాకా ఆగితే బిడ్డ ఆగడు, కాబట్టి ముందే మొదలుపెడతాం. అయితే కల్చర్ నెగటివ్, బిడ్డ చక్కగా పాలు తాగుతున్నాడు, వేరే అనుమానం లేదు అంటే చాలాసార్లు 48 గంటలకి ఆపేయొచ్చు. ఎందుకు కొనసాగించారో మీ డాక్టరునే సూటిగా అడగండి, "బాబులో ఏం చూసి ఇచ్చారు" అని. సరైన కారణం ఉంటే చెప్తారు. అనవసరంగా వాడిన ప్రతి డోసూ పైన చెప్పిన మొండి క్రిములకి బలమే ఇస్తుంది.

ప్రశ్న: బొడ్డు త్వరగా రాలాలని అత్తయ్య పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తున్నారు. రాయొచ్చా?
– ఒక కొత్త తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. పసుపు, నూనె, బూడిద, పౌడర్ ఏదీ వద్దు. ఆ బొడ్డు రక్తనాళాలకి తెరిచిన ద్వారం లాంటిది. పొడిగా వదిలేయండి, డైపర్ దాని కిందికి మడవండి, ఒకటి రెండు వారాల్లో అదే రాలుతుంది. తేనె, పంచదార నీళ్లు కూడా నాకించకండి, ముర్రుపాలే పట్టండి. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, వాసన వచ్చినా అదే రోజు చూపించాలి. ఆశా కార్యకర్త మీ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకి రావాలి. వచ్చినప్పుడు బట్టలు విప్పి బొడ్డు చూపించండి, అత్తయ్యని కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి.